ముందు ఆవిరి, ఆఖర్న నిప్పురవ్వ

మండే సాల్వెంట్లు వాడే ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా గేటు దగ్గరే మొదటి హెచ్చరిక ఎదురవుతుంది. బీడీ, సిగరెట్, అగ్గిపెట్టె లోపలికి తేరాదు, సెల్‌ఫోన్ ఇక్కడే వదిలి వెళ్లాలి. సెక్యూరిటీ గార్డు జేబులు తడిమి చూస్తాడు. ఈ తనిఖీ అవసరమే. కానీ చాలాచోట్ల సాల్వెంట్ భద్రత గురించి కార్మికుడికి గట్టిగా తెలిసింది ఇదొక్కటే. నిప్పు తేకపోతే మంట రాదన్న నమ్మకం మీదే మిగతా వ్యవస్థంతా నడుస్తుంటుంది.

గత యాభై ఏళ్ల పెద్ద ప్రమాదాలను, వాటి దర్యాప్తుల్లో తేలిన కారణాలను ఒకచోట పెట్టి చూస్తే ఈ నమ్మకం నిలబడదు. మంట అంటుకోవాలంటే మండే ఆవిరి, గాలిలోని ఆక్సిజన్, నిప్పురవ్వ, ఈ మూడూ కలవాలి. వీటిలో మన అదుపుకు అన్నిటికన్నా తక్కువగా లొంగేది నిప్పురవ్వ, ఎక్కువగా లొంగేది ఆవిరి. మన ఫ్యాక్టరీల్లో శ్రద్ధ మాత్రం తలకిందుల వరుసలో ఉంది.

ఈ విషయం తెలుగు నేలకు చాలా దగ్గరిది. 1960లలో బాలానగర్‌లోని ప్రభుత్వరంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్‌తో హైదరాబాద్‌లో వేళ్లూనుకున్న బల్క్ డ్రగ్ పరిశ్రమ జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారాలకు పాకి, తర్వాత తీరం పట్టి పరవాడ, అచ్యుతాపురం, పైడిభీమవరం దాకా వెళ్లింది. మందుబిళ్లలో ఉండే అసలు పదార్థం తయారు కావాలంటే టొల్యూన్, మెథనాల్, అసిటోన్, ఇథైల్ అసిటేట్, హెక్సేన్ లాంటివి టన్నుల లెక్కన కావాలి. రసాయన చర్య జరిగేది వీటిలో, సరుకు కడిగేది వీటితో, స్ఫటికాలు కట్టేది వీటిలోంచే. పెయింట్లు, థిన్నర్లు, జిగుర్లు, ముద్రణ సిరాలు కూడా ఇదే కుటుంబం. అందుకే ఈ సమీక్షకు టొల్యూన్‌ను ప్రధాన ఉదాహరణగా తీసుకుంటున్నాను. మిగతావి ఎక్కడ దీనికి భిన్నంగా ప్రవర్తిస్తాయో అక్కడ ప్రస్తావిస్తాను.

మండేది ద్రవం కాదు

సాల్వెంట్ మండటమంటే దాని మీద తేలే ఆవిరి మండటమే. అంటుకునేంత ఆవిరి ఏ ఉష్ణోగ్రత దగ్గర మొదలవుతుందో చెప్పే కొలత ఫ్లాష్ పాయింట్. టొల్యూన్‌కు అది 4 డిగ్రీల సెల్సియస్. విశాఖలో సంక్రాంతి చలిలో తెల్లవారుజామున కూడా టొల్యూన్ తన ఫ్లాష్ పాయింట్‌కు పైనే ఉంటుంది. మెథనాల్‌కు 11 డిగ్రీలు. ఇథైల్ అసిటేట్‌కు సున్నాకు 4 డిగ్రీల దిగువన, అసిటోన్‌కు దాదాపు 20 డిగ్రీల దిగువన, ఎంటీబీఈ అనే ఈథర్‌కు 28 డిగ్రీల దిగువన. మన ఇళ్లలో దశాబ్దాల పాటు వాడిన కిరోసిన్ ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీలకు పైన. కిరోసిన్ పొయ్యితో వచ్చిన అలవాటు, ధైర్యం ఇక్కడ పనికిరావు.

రెండో కొలత ఆవిరి పాళ్లు. గాలిలో టొల్యూన్ ఆవిరి 1.1 శాతం కన్నా తక్కువుంటే అంటుకోదు, 7.1 శాతం దాటితే చిక్కనై అంటుకోదు. మధ్యలో ఉన్నదంతా ప్రమాద పరిధి. మెథనాల్‌కు ఈ పరిధి 6 నుంచి 36 శాతం దాకా విస్తరించి ఉంటుంది. శాతాల్లో చెబితే చిన్నగా కనిపించే ఈ అంకెల్ని గది కొలతల్లోకి మార్చి చూడాలి. ఒక లీటరు టొల్యూన్ కిందపడి పూర్తిగా ఆవిరైతే సుమారు 20 ఘనమీటర్ల గాలి అంటుకునే స్థాయికి వస్తుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గదిలో ఏడడుగుల ఎత్తు దాకా నిండే గాలి అది.

నిజానికి ఆ ఆవిరి గదంతా సమంగా పరుచుకోదు. టొల్యూన్ ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు. నీరు పల్లమెరుగు అంటారు, ఈ ఆవిరీ అంతే. నేల మీదుగా జారి డ్రైనేజీ కాలువలోకి, కేబుల్ ట్రెంచ్‌లోకి, పంపు గుంతలోకి, మెట్ల మీదుగా కింది అంతస్తులోకి దిగుతుంది. సీలింగ్ ఫ్యాన్ కిందా, కిటికీ ఎత్తులోనూ గాలి బాగానే ఉందనిపిస్తున్నప్పుడే పాదాల దగ్గర ప్రమాద పరిధి ఉండొచ్చు. దూరంగా ఎక్కడో నిప్పు తగిలితే మంట ఆ ఆవిరి దారి వెంటే వెనక్కి వచ్చి, కారిన చోటును అంటిస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు గోడ పైభాగాన మాత్రమే బిగించిన గోదాముల్లో ఈ ఒక్క విషయం మరచిపోయినట్టే లెక్క.

బరువైన ఆవిరి నేలబారున ఎంత దూరం వెళ్తుందో 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ చూసింది. ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోని స్టైరీన్ తనలో తాను చర్య జరుపుకొని వేడెక్కింది. ఉష్ణోగ్రత అదుపులో లేకపోవడం, ఆ చర్యను ఆపే నిరోధక రసాయనం చాలినంత లేకపోవడం కారణాలని రాష్ట్ర ప్రభుత్వ హైపవర్ కమిటీ తేల్చింది. ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం ఇళ్ల మధ్యకు చేరి 12 మంది ప్రాణాలు తీసింది. స్టైరీన్ కూడా మండే ద్రవమే, ఫ్లాష్ పాయింట్ 31 డిగ్రీలు. ఆ రోజు అది అంటుకోలేదు.

ట్యాంకు లోపలి గాలి

ద్రవం సగం నిండిన ట్యాంకులో మిగతా సగం ఖాళీ కాదు. అక్కడ గాలి, ఆవిరి కలిసి ఉంటాయి. 20 డిగ్రీల దగ్గర టొల్యూన్ ట్యాంకులో ఆ ఆవిరి సుమారు 2.9 శాతం. అంటే ప్రమాద పరిధి లోపలే. లెక్క వేస్తే 4 డిగ్రీల నుంచి దాదాపు 37 డిగ్రీల దాకా టొల్యూన్ ట్యాంకు లోపలి గాలి అంటుకునే స్థితిలోనే ఉంటుంది. తెలుగు రాష్ట్రాల వాతావరణంలో అది ఏడాదిలో అధికభాగం. పెట్రోల్ ట్యాంకు లోపల మామూలు ఎండల్లో ఆవిరి మరీ చిక్కబడి పై పరిమితి దాటిపోతుంది. పెట్రోల్‌కు ఉన్న ఆ సహజ రక్షణ టొల్యూన్‌కు లేదు. పెట్రోల్ కన్నా టొల్యూన్ మెత్తనిదనుకునే డ్రైవర్లు, స్టోర్స్ సిబ్బంది తెలుసుకోవాల్సిన తేడా ఇదే.

ఎంటీబీఈ కథ మరోలా ఉంటుంది. అది 55 డిగ్రీలకే మరిగిపోతుంది, కాబట్టి మూసిన ట్యాంకులో దాని ఆవిరి మరీ చిక్కగా ఉంటుంది. కానీ పైపు నుంచి కారితే క్షణాల్లో గదిలో పరుచుకొని, గాలితో కలుస్తూ పలచబడుతూ ప్రమాద పరిధిలోకి దిగుతుంది. ఒకటి లోపల ప్రమాదం, ఇంకొకటి బయటపడితే ప్రమాదం. అన్ని సాల్వెంట్లకూ ఒకే బోర్డు, ఒకే జాగ్రత్త రాసి పెట్టడం వల్ల ఈ భేదం కనుమరుగవుతోంది.

నిప్పురవ్వను నమ్ముకుంటే

టొల్యూన్ ఆవిరిని అంటించడానికి 0.24 మిల్లీజౌల్ శక్తి చాలు. చేతికి చురుక్కుమని తెలిసే స్టాటిక్ స్పార్క్ సుమారు ఒక మిల్లీజౌల్ ఉంటుంది. మనిషికి తెలియనంత చిన్న రవ్వ కూడా దీన్ని అంటించగలదన్న మాట. గేటు దగ్గర అగ్గిపెట్టె లాక్కున్నంత తేలిగ్గా దీన్ని లాక్కోలేం.

పైగా ఆ రవ్వను పుట్టించేది తరచుగా సాల్వెంటే. టొల్యూన్, హెక్సేన్ లాంటి హైడ్రోకార్బన్లు విద్యుత్తును దాదాపు ప్రవహింపనివ్వవు. పైపులో, ముఖ్యంగా సన్నని ఫిల్టర్‌లో రాసుకుంటూ పోయేటప్పుడు వాటిలో చార్జి చేరుతుంది, చేరిన చార్జి త్వరగా దిగిపోదు. అందుకే పైపు నోరు ద్రవంలో మునిగే దాకా వేగం సెకనుకు ఒక మీటరు మించకూడదన్న నియమం వచ్చింది. పైనుంచి ధార పోయకుండా అడుగుదాకా డిప్ పైపు పెట్టమనడం, పెద్ద ట్యాంకు నింపాక అరగంట ఆగి శాంపిల్ తీయమనడం కూడా ఇందుకే. నైలాన్ తాడుకు ఇనప డబ్బా కట్టి శాంపిల్ తీసే అలవాటు ఈ నియమాలన్నిటినీ ఒక్కసారిగా రద్దు చేస్తుంది. అసిటోన్, మెథనాల్ కొంత విద్యుత్తును ప్రవహింపనిస్తాయి కాబట్టి ద్రవంలోని చార్జి భూమిలోకి పోతుంది. అయితే పాత్రకు ఎర్తింగ్ ఉన్నప్పుడే.

ఎర్తింగ్ ఉంటే చాలా? 2007 జూలై 17న అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని వ్యాలీ సెంటర్ ఊళ్లో బార్టన్ సాల్వెంట్స్ డిపోలో జరిగిన పేలుడు దీనికి జవాబు. ట్యాంకర్ నుంచి నాఫ్తా దించుతున్నారు. ట్యాంకుకూ ట్యాంకర్‌కూ ఎర్తింగ్ ఉంది. అయినా ట్యాంకు లోపల మట్టం కొలిచే ఫ్లోటు అతుకు వదులై, ఆ ముక్కకు మిగతా లోహంతో సంబంధం సరిగా లేకపోవడంతో దాని దగ్గర స్పార్క్ పుట్టి ఉంటుందని అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు తేల్చింది. సుమారు 6,000 మందిని ఊరు ఖాళీ చేయించారు. అదే ఏడాది అక్టోబర్ 29న అయోవా రాష్ట్రంలోని డెమోయిన్‌లో అదే కంపెనీలో ఇథైల్ అసిటేట్‌ను చిన్న స్టీలు ట్యాంకులోకి నింపుతుండగా మంట లేచింది. అక్కడ గొట్టం చివరి లోహపు భాగాలకు ఎర్తింగ్‌తో లంకె లేదు. రెండుచోట్లా ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు.

ఫార్మా రియాక్టర్ల దగ్గర ఇంతకన్నా మామూలుగా కనిపించే ప్రమాదం ఒకటుంది. లోపల టొల్యూన్ ఉన్న రియాక్టర్ మ్యాన్‌హోల్ తెరిచి, పాలిథీన్ సంచి లోంచి పొడిని గుమ్మరించడం. పొడి జారుతున్నకొద్దీ సంచి మీదా, పొడి మీదా, పోస్తున్న మనిషి ఒంటి మీదా చార్జి చేరుతుంది. అదే మ్యాన్‌హోల్ నుంచి ఆవిరి పైకి వస్తుంటుంది, గాలి లోపలికి పోతుంటుంది. మంటకు కావలసిన మూడూ ఒక అడుగున్నర రంధ్రం దగ్గర కలుస్తాయి, వాటి మీద వంగి మనిషి నిలబడతాడు.

ఫ్లేమ్‌ప్రూఫ్ మోటార్లు, స్విచ్చులు ఈ వరుసలో తప్పనిసరి భాగం. అయితే ఫ్లేమ్‌ప్రూఫ్ అంటే పెట్టె లోపల పేలుడు జరగదని కాదు. లోపల పేలినా మంట బయటకు రాకుండా మూత అంచుల మధ్య సందును కొలత ప్రకారం చెక్కిన నిర్మాణం అది. రిపేరు తర్వాత రెండు బోల్టులు బిగించకపోతే, కేబుల్ గ్లాండ్ వదులుగా వదిలేస్తే, అది మామూలు పెట్టె. కొన్ననాటి సర్టిఫికెట్ ఆ లోపాన్ని పూడ్చదు.

గాలిని మార్చితే

నిప్పురవ్వను పూర్తిగా ఆపలేనప్పుడు, దానికి అందుబాటులో ఆక్సిజన్ లేకుండా చేయడం రెండో దారి. నైట్రోజన్ కలిపిన వాతావరణంలో ఆక్సిజన్ సుమారు 9.5 శాతం కన్నా తగ్గితే టొల్యూన్ ఆవిరి ఏ పాళ్లలో ఉన్నా అంటుకోదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. కొంత జాగ్రత్తకు వదిలి, ట్యాంకుల్లోనూ రియాక్టర్లలోనూ సెంట్రిఫ్యూజ్‌లలోనూ దాన్ని ఇంకా తక్కువలో ఉంచుతారు.

సెంట్రిఫ్యూజ్‌లో ఇది మరీ అవసరం. సాల్వెంట్‌తో తడిసిన పొడిని అక్కడ నిమిషానికి వందల చుట్లు తిప్పుతారు. బేరింగ్ వేడి, లోహం రాపిడి, స్టాటిక్, ఏదైనా రవ్వ కావొచ్చు. నైట్రోజన్ లైను ఉంటే సరిపోదు. లోపలి ఆక్సిజన్ తగ్గాకే మోటారు తిరిగేలా ఇంటర్‌లాక్ ఉండాలి. నైట్రోజన్ ఖర్చని వాల్వు సన్నగా తిప్పడం, బ్యాచ్ ఆలస్యమవుతోందని ఇంటర్‌లాక్‌ను పక్కన పెట్టడం తనిఖీ కాగితాల్లో కనపడవు. షిఫ్టులో నిలబడి చూస్తే కనపడతాయి.

నైట్రోజన్‌కు తనదైన ప్రమాదం ఉంది. దానికి వాసన లేదు, రంగు లేదు, ఊపిరాడటం లేదన్న సంగతిని శరీరం హెచ్చరించదు. నైట్రోజన్ నిండిన పాత్రలోకి తల పెట్టిన మనిషి కొన్ని ఊపిర్లలోనే పడిపోతాడు. అతన్ని లాగబోయి దిగిన రెండో మనిషి, మూడో మనిషి కూడా అలాగే పోతారు. మంటను ఆపే ఏర్పాటే ప్రాణం తీసే చోటు ఇది. కాబట్టి నైట్రోజన్ పెట్టిన ప్రతిచోటా పాత్రలోకి దిగే పర్మిట్, ఆక్సిజన్ మీటరు, బయట కాపలా మనిషి కూడా వచ్చి తీరాలి. ఇంకొక చిక్కు, చాలా రకాల మండే గ్యాస్ మీటర్లు పని చేయడానికి వాటికే ఆక్సిజన్ కావాలి. నైట్రోజన్ నిండిన పాత్రలో అవి తక్కువ అంకె చూపి మోసం చేస్తాయి.

ఆవిరిని కట్టిపెట్టడం

అన్నిటికన్నా నమ్మదగిన దారి మొదటిది, ఆవిరిని బయటికే రానివ్వకపోవడం. దీనికి ఖర్చు ఎక్కువ, కంటికి ఆనేది తక్కువ. ఫ్లాంజి గ్యాస్కెట్ వేళకు మార్చడం, పాతబడిన హోస్ పైపును పారేయడం, పైపు నుంచి కారితే ఎక్కడ పడుతుందో డిజైన్ నాడే ఆలోచించడం, ట్యాంకు చుట్టూ అందులోని మొత్తానికి సరిపడా గట్టు కట్టడం. వీటిలో దేనికీ గేటు బోర్డుకున్న ఆర్భాటం ఉండదు.

ఈ విషయంలో ప్రపంచం ఇప్పటికీ చెప్పుకునే పాఠం 1974 జూన్ 1 నాటి ఫ్లిక్స్‌బరో. ఇంగ్లండులోని ఆ ఫ్యాక్టరీలో సైక్లోహెక్సేన్‌ను 155 డిగ్రీల దగ్గర, ఒత్తిడి మీద వరుస రియాక్టర్లలో నడిపేవారు. అయిదో రియాక్టర్‌కు పగులు కనిపించడంతో దాన్ని తీసేసి, ఉత్పత్తి ఆగకుండా నాలుగు, ఆరు రియాక్టర్ల మధ్య తాత్కాలిక పైపు బిగించారు. ఆ పైపుకు సరైన ఇంజినీరింగ్ లెక్కలు లేవు. రెండు నెలలకు అది విరిగింది. టన్నుల కొద్దీ ఆవిరి మేఘంలా లేచి పేలింది, 28 మంది చనిపోయారు. శనివారం కాకుండా పనిదినమై ఉంటే ఆ సంఖ్య చాలా పెరిగేది. అంత పెద్ద మేఘానికి నిప్పు ఎక్కడో ఒకచోట దొరకక తప్పదు. ఉన్న ప్లాంటులో చిన్న మార్పు చేసినా దాన్ని కొత్త డిజైన్‌లాగే పరీక్షించాలన్న సూత్రం ఆ బూడిదలోంచే బలపడింది.

యాభై ఏళ్ల తర్వాత, 2024 ఆగస్టు 21 మధ్యాహ్నం అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా అడ్వాన్స్‌డ్ సైన్సెస్‌లో 17 మంది మరణించారు. ఎంటీబీఈని పైఅంతస్తు నుంచి కిందికి పంపుతుండగా కారిందనీ, ఆ ఆవిరికి విద్యుత్ పరికరాల దగ్గర నిప్పు తగిలిందనీ అధికారులు ప్రాథమికంగా చెప్పారు. పేలుడుకు గోడలు, శ్లాబు కూలాయి. ఇక్కడ చర్చంతా విద్యుత్ ప్యానెల్ చుట్టూ తిరిగితే అసలు ప్రశ్నలు పక్కకు పోతాయి. 55 డిగ్రీలకే మరిగే ద్రవం వెళ్లే పైపు విద్యుత్ పరికరాల మీదుగా ఎందుకు ఉండాలి? కారిన మొదటి నిమిషంలో దాన్ని కనిపెట్టే డిటెక్టర్, దూరం నుంచే ఆపే వాల్వు ఎక్కడెక్కడ ఉండాలి? కారుతున్నప్పుడు మనుషులు అక్కడికి వెళ్లాలా, అక్కడి నుంచి బయటికి పోవాలా? ఈ మూడో ప్రశ్నకు జవాబు ముందే రాసిపెట్టి, సాధన చేయించకపోతే మనుషులు సహజంగా లీకు ఆపడానికే పరిగెడతారు.

ఖాళీ డ్రమ్ము

పెద్ద ఫ్యాక్టరీల మంటలు పత్రికల్లోకి వస్తాయి. చిన్న మంటల్లో ఖాళీ డ్రమ్ముల వాటా పెద్దది. 200 లీటర్ల డ్రమ్ములో గాలిని అంటుకునే స్థాయికి తేవడానికి పది మిల్లీలీటర్ల టొల్యూన్, అంటే రెండు చిన్న చెంచాలు చాలు. బోర్లించినా అడుగు మడతల్లో అంతకన్నా ఎక్కువే మిగులుతుంది. నిండు డ్రమ్ముకు నిప్పు తగిలితే మూత దగ్గర మండుతుంది. ఖాళీ డ్రమ్ముకు గ్యాస్ కట్టర్ పెడితే పేలుతుంది. నీళ్ల తొట్టి కోసమో, రేకు కోసమో స్క్రాపు దుకాణాల్లో డ్రమ్ము కోసే మనిషికి ఈ తేడా ఎవరూ చెప్పరు.

పారిశ్రామికవాడల బయట, ఊళ్ల మధ్య నిల్వలు మరో సమస్య. 2023 నవంబర్ 13న హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింది భాగంలో ఉంచిన రసాయన డ్రమ్ములకు మంట అంటుకొని పైన కాపురముంటున్నవాళ్లలో 9 మంది చనిపోయారు. అక్కడ ఫ్యాక్టరీ లేదు కాబట్టి ఫ్యాక్టరీ తనిఖీ లేదు. థిన్నర్, రెజిన్, జిగురు అమ్మే, వాడే వేల చిన్న దుకాణాలు, షెడ్లు ఈ సందులోనే ఉన్నాయి.

రోడ్డు మీద ట్యాంకర్ బోల్తా పడితే బిందెలతో, క్యాన్లతో పోగయ్యే జనానికి కూడా ఒక మాట చెప్పాలి. ట్యాంకర్ మీద రసాయనం వివరాల పలకలో యూఎన్ నంబర్ ఉంటుంది. 1294 అంటే టొల్యూన్, 1230 అంటే మెథనాల్, 1090 అంటే అసిటోన్. మూడూ పట్టుకెళ్లదగినవి కావు. దూరంగా, గాలి వాలుకు ఎదురుగా వెళ్లాలి. మంట లేచినప్పుడు నీళ్ల ధార కొడితే టొల్యూన్ నీటిమీద తేలి మంటను మరింత దూరం మోస్తుంది. ఇక్కడ ఆర్పేది నురుగు. మెథనాల్, అసిటోన్ నీటిలో కలిసిపోయేవి కాబట్టి మామూలు నురుగును కరిగించేస్తాయి. వాటికి ఆల్కహాల్‌ను తట్టుకునే ప్రత్యేక నురుగు కావాలి. మెథనాల్ మంట పగటి వెలుగులో సరిగా కనపడదు కూడా. పక్కన ఉన్న డ్రమ్ములను, ట్యాంకులను చల్లబరచడానికి మాత్రం నీళ్లే దిక్కు.

మండకపోయినా

అంటుకోని సాల్వెంట్ హాని చేయదనుకోవడం ఇంకొక పొరపాటు. టొల్యూన్ అంటుకునే కనీస స్థాయి 1.1 శాతం, అంటే పదిలక్షల వంతుల్లో 11,000 (పీపీఎం). పనిచోట గాలిలో ఎనిమిది గంటల సగటుగా ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్ అనుమతించింది 100 పీపీఎం. అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంస్థ ఏసీజీఐహెచ్ సిఫారసు చేస్తున్నది 20 పీపీఎం. మండే గ్యాస్ మీటరు కనీస స్థాయిలో ఒక శాతం చూపితే మంట పరంగా అది క్షేమమే. ఊపిరి పరంగా మాత్రం 110 పీపీఎం, ఆ చట్టం పరిమితికే పైన. మీటరు సున్నా దగ్గర ఉందని మాస్కు తీసేయడం అందుకే తప్పు.

తలనొప్పి, తల తిరుగుడు, మందకొడితనం టొల్యూన్ తొలి లక్షణాలు. ఏళ్ల తరబడి పీలిస్తే నరాల మీదా, వినికిడి మీదా ప్రభావం పడుతుంది. వాసన మొదట గుప్పుమంటుంది, కాసేపటికి ముక్కు అలవాటు పడిపోతుంది, కాబట్టి వాసన తగ్గడం గాలి శుభ్రపడిందనడానికి సాక్ష్యం కాదు. హెక్సేన్ కాళ్లూ చేతుల నరాలను దెబ్బతీస్తుంది. మెథనాల్ కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. చేతులకంటిన రంగును, గ్రీజును థిన్నర్‌తో కడుక్కునే అలవాటు చర్మంలోని కొవ్వును కరిగించి పగుళ్లు తెస్తుంది. ఎవరైనా పొరపాటున సాల్వెంట్ మింగితే వాంతి చేయించకూడదు. వెనక్కి వచ్చే ద్రవం ఊపిరితిత్తుల్లోకి దిగితే మొదటి హాని కన్నా అది పెద్దది.

ఏది మంచి సాల్వెంట్?

ప్రమాదకరమైనదాన్ని తీసేసి మరొకటి వాడడం భద్రతాశాస్త్రంలో అందరూ మెచ్చే సలహా. దీనికి గట్టి ఉదాహరణ బెంజీన్. రక్తక్యాన్సర్ తెస్తుందని తేలాక దాని స్థానంలోకి చాలాచోట్ల టొల్యూన్ వచ్చింది. ఈథర్ల విషయంలో చూడాల్సింది పెరాక్సైడ్లు. డై ఇథైల్ ఈథర్, టీహెచ్ఎఫ్ నిల్వలో గాలితో కలిసి పెరాక్సైడ్లుగా మారతాయి. అవి ఉన్న ద్రవాన్ని అడుగంటేదాకా మరిగిస్తే పేలుతుంది. ఎంటీబీఈలో ఈ గుణం తక్కువ, కాబట్టి ఆ కోణంలో అది మెరుగు.

అయితే ఎవరికి మంచిదని అడగడం మర్చిపోతున్నాం. మందుల్లో మిగిలే సాల్వెంట్లకు పరిమితులు పెట్టే ఐసీహెచ్ మార్గదర్శకాల్లో టొల్యూన్ రెండో తరగతిలో ఉంది, దాని పరిమితి 890 పీపీఎం. అసిటోన్, ఇథైల్ అసిటేట్, ఎంటీబీఈ మూడో తరగతి. అవి రోగికి తక్కువ హాని చేస్తాయని ఉదారంగా 5,000 పీపీఎం దాకా అనుమతిస్తారు. మందు మింగే మనిషికి ఈ వరుస సరైనదే. కానీ మందు తయారుచేసే మనిషి వైపు నుంచి చూస్తే టొల్యూన్ కన్నా ఈ మూడింటి ఫ్లాష్ పాయింట్లు కిందున్నాయి. రోగికి మెరుగైన సాల్వెంట్‌కు మారిన ప్లాంటు, ఆ మార్పుతోనే కార్మికుడికి ప్రమాదాన్ని పెంచుతుండొచ్చు. నాణ్యతా విభాగం సంతకంతోపాటు భద్రతా విభాగం లెక్క కూడా ఉండాల్సింది సరిగ్గా ఇక్కడే.

చట్టం చెప్పిన వరుస

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్ ఈ చర్చకు చాలా పాత జవాబు. మండే ఆవిరి పుట్టే చోట పేలుడు రాకుండా తీసుకోవాల్సిన చర్యల్ని అది మూడుగా చెప్పింది. మొదట యంత్రాన్ని మూసి ఉంచడం, తర్వాత ఆవిరి పోగు పడకుండా తీసేయడం, చివరగా నిప్పు పుట్టే ఆధారాలను దూరం పెట్టడం. మండే పదార్థం ఉన్న పాత్రకే కాదు, ఇంతకుముందు ఉండిన పాత్రకు కూడా శుభ్రం చేయకుండా వెల్డింగ్, కటింగ్ పెట్టరాదనీ అదే సెక్షన్ చెప్పింది. ఖాళీ డ్రమ్ము సంగతి మన చట్టానికి ఏడున్నర దశాబ్దాల కిందే తెలుసు.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987 సవరణతో చేరిన అధ్యాయం ప్రమాదాల సమాచారం కార్మికులకూ చుట్టుపక్కల ప్రజలకూ చెప్పాలంది. ముంచుకొచ్చే ప్రమాదం ఉందనిపిస్తే హెచ్చరించే హక్కు కార్మికులకు 41హెచ్ సెక్షన్ ఇచ్చింది. 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు వచ్చాయి. ఫ్లాష్ పాయింట్ 23 డిగ్రీల లోపున్న టొల్యూన్ లాంటి హైడ్రోకార్బన్లను పెట్రోలియం నియమాలు క్లాస్ ఏగా వర్గీకరించి నాగపూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పీఈఎస్ఓ) పర్యవేక్షణలో పెట్టాయి. పార్లమెంటు 2020లో ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ ఫ్యాక్టరీల చట్టాన్ని తనలో కలుపుకుంది. కాగితం మీద లోటు పెద్దగా లేదు.

లోటు ఎక్కడుందంటే, ఈ జ్ఞానం రియాక్టర్ పక్కన నిలబడే మనిషి దాకా చేరే దారిలో ఉంది. భద్రతా సమాచార పత్రం ఇంగ్లిషులో ఫైలులో ఉంటుంది. డ్రమ్ము తిప్పేది, పొడి పోసేది, ట్యాంకు కడిగేది ఎక్కువగా కాంట్రాక్ట్ కార్మికులు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వాళ్లతోపాటు ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. నెలకో కొత్త ముఖం వచ్చే చోట ఒక్కరోజు శిక్షణతో నేర్పగలిగింది గేటు దగ్గరి నియమాలే. వరుస తలకిందులు కావడానికి అసలు కారణం అజ్ఞానం కన్నా ఇదే. నిప్పు తేవద్దన్న నియమం ఖర్చు లేనిది, తప్పు జరిగితే నేరం కార్మికుడి మీద పడేది. ఆవిరిని కట్టిపెట్టడం ఖర్చుతో కూడినది, తప్పు జరిగితే బాధ్యత యాజమాన్యం మీద పడేది.

అందుకే ఒక ప్రమాదం జరిగాక వేసే విచారణను అంచనా వేయడానికి చిన్న గీటురాయి ఉంది. నివేదిక నిప్పురవ్వ దగ్గర మొదలై నిప్పురవ్వ దగ్గరే ముగిసిపోతే, ఎవరో ఒక చిన్న ఉద్యోగి పేరు బయటికి వస్తుంది, మిగతా ప్లాంట్లలో ఏమీ మారదు. ఆవిరి ఎందుకు బయటికొచ్చింది, వచ్చాక ఎందుకు పోగుపడింది, లోపల ఆక్సిజన్ ఎందుకు ఉంది, ఈ మూడు ప్రశ్నలకూ జవాబిచ్చాకే నిప్పు సంగతికి వస్తే, అదే సాల్వెంట్ వాడే ప్రతి ఫ్యాక్టరీకీ ఆ నివేదిక పనిపట్టికగా ఉపయోగపడుతుంది. తనిఖీ అధికారి గేటు బోర్డు దాటి ముందుగా అడగాల్సినవి కూడా ఇవే. సెంట్రిఫ్యూజ్‌లో నిన్న రాత్రి షిఫ్టు ఆక్సిజన్ రీడింగ్ ఎంత, ఈ ఏడాది మార్చిన హోస్ పైపులు ఎన్ని, మ్యాన్‌హోల్ తెరిచి పొడి పోస్తున్న రియాక్టర్లు ఇంకా ఎన్ని మిగిలాయి. వీటికి అంకెలతో జవాబు చెప్పగలిగిన ఫ్యాక్టరీలో అగ్గిపెట్టె తనిఖీ ఆఖరి కట్టుబాటుగా తన పని తాను చేస్తుంది.